శివారు మడికి ముందు నీళ్ళు

రాతిగద్ద ఇంకొక్కసారి ముక్కుతో పొడిచింది. తాళ్ళవంతెన నడిమికి తెగింది. తెగిన కొస పట్టుకుని చెన్నడు, చెన్నడి నడికట్టు పట్టుకుని రాజకుమారుడు కువలయసేనుడు, ఇద్దరూ వేలాడుతూ వచ్చి లోయ గోడకు కొట్టుకున్నారు. గద్ద తిరిగి వచ్చేలోగా వేళ్ళూ రాళ్ళూ దొరికింది దొరికినట్టు పట్టుకుని పైకి పాకారు. గట్టెక్కి చూస్తే గద్ద లేదు. లోయకు ఆవల, తన స్తంభం మీద, ఎప్పటిలాగే రాయిగా కూర్చుని ఉంది.

చెన్నడు కిందికి చూసి, తిరిగిపోయే దారి లేదని మాత్రం అన్నాడు. మోచేతుల నెత్తురు తుడుచుకుంటూ రాజకుమారుడు, వచ్చింది తిరిగిపోవటానికా అని అడిగాడు.

వాళ్ళు వచ్చింది బయ్యమ్మ కోసం. ఆమె చెన్నడి అక్క, తూమువాడ ఊరికి నీరుగంటి. పొద్దున్నే చెరువు తూము ఎత్తటం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడటం, మళ్ళీ తూము దించటం ఆ ఇంటి పని. తండ్రి పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. తీరిక దొరికితే తూము రాతి మీద గళ్ళు గీసి కట్టాకాలువా ఆడేది. ఆ ఆటలో ఆమెను ఓడించినవాడు చుట్టుపట్ల ఏడూళ్ళలో లేడు. నిరుడు ఒక ముసలి గంపలవాడు వచ్చి, ఆమెతో ఒక ఆట ఆడి ఓడి, ఇంతకంటే పెద్ద ఆట చూపిస్తానని వెంటబెట్టుకుపోయాడు. వాడు గ్రంథిలుడనే మాంత్రికుడు. ఆ పెద్ద ఆటలో బయ్యమ్మ ఓడింది. ఓడినవాళ్ళు వేయిగూళ్ళ కోటలో ఒక్కొక్క గూట్లో కూర్చుంటారు. మళ్ళీ లేవరు. ఎవరైనా గెలిస్తే మాత్రం ఒక్కరిని పేరు పెట్టి పిలిచి లేపుకోవచ్చు. ఇంతవరకు ఆ కోటలో ఎవరూ ఎవరినీ పిలవలేదు.

చిక్కు ఇంకొకటి ఉంది. ఓడినవాళ్ళ తాలూకు మనుషులతో గ్రంథిలుడు ఆడడు. ఒకే చేతి కింద ఆట నేర్చిన ఇద్దరిలో రెండోవాడి వల్ల తనకు కొత్తగా వచ్చేదేమీ లేదంటాడు. అందుకని ఇద్దరూ బండ చాటున బట్టలు మార్చుకున్నారు. హరితాళ దేశపు జరీ అంగీ, ముత్యాల తలపాగా చెన్నడికి ఎక్కాయి. వరదలో చెన్నడు జుట్టు పట్టి ఒడ్డుకు లాగిన నాటినుంచి అతడి వెంటే తిరుగుతున్న రాజకుమారుడు, ముతక పంచె కట్టి, చంకలో తాంబూలపు పెట్టె పెట్టుకుని సేవకుడయ్యాడు.

"నడక మార్చు చెన్నా," అన్నాడు రాజకుమారుడు. "పొలం గట్టు మీద పోతున్నట్టు ఒక అడుగు ముందు ఒక అడుగు వేస్తున్నావు. మావాళ్ళు నేలంతా తమదే అన్నట్టు కాళ్ళు చాపి నడుస్తారు."

"అట్లా నడిస్తే వరి తొక్కుతారు దొరా."

"దొరా అనకు. ఇప్పుడు దొరవు నువ్వు."

పొద్దు బారెడు ఎక్కేసరికి కోట కనపడింది. నల్లరాతి కొండను నిలువునా చెక్కి తీసిన కోట అది. బురుజు మీద బురుజు, తేనెపట్టు మీద తేనెపట్టు అంటించినట్టు ఉంది. గోడల మీద రాతి తీగెలు అల్లుకుని రాతి పూలు పూశాయి. పూలలో పచ్చలు, కెంపులు పొదిగారు. ఎండ వాటి మీద పడి రంగురంగుల మరకలై నేల మీద పాకుతోంది. అంత అందమైన చోట ఒక్క చీమ లేదు. గడ్డిపరక లేదు. చెన్నడు అది గమనించి, ఇక్కడ నీటి చుక్క లేదనుకున్నాడు.

వాకిట్లో కంచు సింహం తల ఉంది. దాని నోట్లో చెయ్యి పెట్టి జవాబు చెప్పాలి. అబద్ధం చెబితే నోరు మూసుకుంటుంది. అది మూసుకున్న గుర్తులు కింద రాతి మీద ఎండి ఉన్నాయి. దొర చెయ్యి పెట్టటం మర్యాద కాదని, సేవకుడే ముందుకు వచ్చి తన చెయ్యి పెట్టాడు.

వచ్చింది ఎవరని సింహం అడిగింది.

హరితాళ దేశపు రాజకుమారుడు వచ్చాడని చెప్పాడు కువలయసేనుడు. అది నిజమే. నోరు మూసుకోలేదు.

ఆడేవాడికి ఆట నేర్పింది ఎవరని అడిగింది. ఇంట్లో పెద్దవాళ్ళు అన్నాడు. అదీ నిజమే. కంచు పళ్ళు ఒక్కసారి వణికి ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది. రాజకుమారుడు చెయ్యి బయటికి తీసి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసుకున్నాడు.

లోపల గుండ్రటి గది. పైన ఆకాశం కనపడేంత కంత. అందులోంచి ఎండ స్తంభంలా దిగుతోంది. చుట్టూ గోడ నిండా గూళ్ళు, వరస మీద వరస. గూటికో మనిషి కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. కిరీటాలవాళ్ళు, శాలువలవాళ్ళు, మంత్రులు, సేనానులు, పల్లకీ దిగని పండితులు. ప్రతివాళ్ళ ముందూ ఒక చిన్న పలక, పిడికెడు రాళ్ళు. తొమ్మిది వందల తొంభైతొమ్మిది గూళ్ళు నిండి ఉన్నాయి. ఒక్కటి ఖాళీ.

మూడో వరసలో బయ్యమ్మ ఉంది. చూడకూడదనుకుంటూనే చెన్నడు ఒక్క చూపు చూశాడు. ఆమె గోళ్ళ సందున మట్టి లేదు. అక్క చేతులు అంత శుభ్రంగా ఉండగా అతడు పుట్టి ఎరగడు.

గది నడుమ రాతి పలక. పలకకు ఆవల కంచుబొమ్మ, పదహారేళ్ళ పడుచు రూపం, కలువరేకుల్లాంటి కళ్ళు, ఒళ్ళంతా చెక్కిన నగలు. దాని పక్కన ఒక పొట్టి ముసలాయన గిన్నెలో ఆముదం పెట్టుకుని, కోడి ఈకతో బొమ్మ మోచేతి కీలుకు రాస్తున్నాడు. ఆయనే గ్రంథిలుడు. తల ఎత్తకుండానే కూర్చోమన్నాడు. దారిలో గద్ద ఇబ్బంది పెట్టిందా అని, సొంత కుక్క గురించి అడిగినట్టు అడిగాడు.

ఆట పద్ధతి అందరికీ తెలిసిందే. పలక మీద తేనెపట్టు గళ్ళు, పదకొండు వరసలు, వరసకు పదకొండు. తెల్లరాళ్ళు నీళ్ళు, అవి ఉత్తరపు అంచు నుంచి దక్షిణపు అంచుకు పారాలి. నల్లరాళ్ళు కట్ట, అది తూర్పు నుంచి పడమటికి నిలవాలి. ఒకరి తరవాత ఒకరు ఒక్కొక్క రాయి పెట్టాలి. పెట్టింది కదపకూడదు, తియ్యకూడదు. అయిదేళ్ళ పిల్లకు చెప్పినా పొద్దు కుంకేలోగా ఆడుతుంది. ముసలివాళ్ళు చచ్చేదాకా ఆడినా అడుగు కనపడదు. ఈ ఆటలో సరిసమానం అనేది లేదు. నీళ్ళు పారితే కట్ట తెగినట్టు, కట్ట నిలిస్తే నీళ్ళు ఆగినట్టు. రెండూ జరగవు, రెండూ మానవు.

వచ్చినవాడికి తెల్లరాళ్ళు, మొదటి రాయి. గెలిస్తే ఒకరి పేరు చెప్పాలి. ఓడితే ఆ ఖాళీ గూడు. వెయ్యి నిండాక బొమ్మకు ఇక ఎదురు ఉండదని, అప్పుడు దాన్ని రాజ్యాల మీదికి తీసుకుపోతానని గ్రంథిలుడు ఆముదం రాస్తూ రాస్తూ చెప్పాడు.

చెన్నడు తెల్లరాయి తీసుకున్నాడు. ముందు పలక ఉత్తరపు అంచును వేలితో తాకి, ఆ వేలు కళ్ళకు అద్దుకున్నాడు. తూము ఎత్తే ముందు నీరుగంటి చేసే పని అది. ఇరవై ఏళ్ళ అలవాటు, అంగీ మార్చినంత మాత్రాన పోలేదు. తరవాత ఆ రాయి తీసుకుపోయి ఆగ్నేయపు మూల, దక్షిణపు అంచుకు ఒక్క గడి పైన పెట్టాడు.

గ్రంథిలుడి చేతిలో ఈక ఆగింది.

"నిరుడు ఒకతె ఇట్లాగే పలక తాకి కళ్ళకు అద్దుకుంది," అన్నాడు. "నువ్వు దాని తమ్ముడివి."

రాజకుమారుడి చెయ్యి లేని కత్తి కోసం నడుముకు పోయింది. చెన్నడు అవునన్నాడు.

గ్రంథిలుడికి కోపం రాలేదు. కాస్త జాలి పడినట్టు కూడా కనపడ్డాడు. రాయి పడ్డాక ఇద్దరిలో ఎవరూ లేవటానికి లేదని, ఉత్త పుణ్యానికి ఒక గూడు దండగయిందని అన్నాడు. "నీకు తెలిసిందంతా నీ అక్క చెప్పిందే కదా నాయనా. ఆమె నా బొమ్మ లోపలే ఉంది. నీకు తెలిసింది బొమ్మకూ తెలుసు. దానికి తెలిసింది నీకు తెలియదు. ఇక ఆడు."

ఆ మాట చెన్నడి లోపలికి దిగి కూర్చుంది. అది నిజమే.

బొమ్మ వంతు వచ్చింది. గూళ్ళలో తొమ్మిది వందల తొంభైతొమ్మిది జతల చేతులు కదిలాయి. కళ్ళు తెరవకుండానే ప్రతివాళ్ళూ తమ పలక మీద, ఆ ఆటను అక్కడినుంచి చివరిదాకా ఆడేస్తున్నారు. నల్లరాళ్ళూ తామే, తెల్లరాళ్ళూ తామే. తాటాకు కప్పు మీద వాన పడుతున్నట్టు చప్పుడు. ఆట ముగియగానే ఒక్కొక్క గూట్లోంచి ఒక్కొక్క గురివింద గింజ గోడలోని సన్నటి కాలువ వెంట దొర్లి, బొమ్మ వీపు వైపు పోయింది. చప్పుడు ఆగింది. బొమ్మ చెయ్యి లేచి పలక నడుమ నల్లరాయి పెట్టింది.

మూడు నాలుగు వంతులు ఇట్లాగే నడిచాయి. తాంబూలం అందించే వంకతో రాజకుమారుడు చెన్నడి చెవి దగ్గరికి వంగాడు. బొమ్మ వీపున పలకకు ఎన్ని గళ్ళో అన్ని గొట్టాలు ఉన్నాయట. ఏ గొట్టంలో గింజలు ఎక్కువ పడితే చెయ్యి ఆ గడి మీదికి వాలుతుందట. ఇంకొకటి కూడా చెప్పాడు. అన్ని గింజలూ నడిమి గొట్టాల్లో పడుతున్నాయి. ఒకే ఒక్క గింజ, ప్రతిసారీ, ఆగ్నేయపు మూల గొట్టంలో పడుతోంది. అది మూడో వరస నుంచి వస్తోంది.

చెన్నడు వక్క నములుతూ పలకను చూస్తూ కూర్చున్నాడు.

తూమువాడలో ఒక ఆచారం ఉంది. చెరువు నిండిన ఏడు ఎవరికి ముందు నీళ్ళు పెట్టినా ఒకటే. ఎండిన ఏడు మాత్రం శివారు మడికి ముందు నీళ్ళు పెడతారు. తూము పక్క మడివాడికి ముందు పెడితే చివరివాడికి ఎప్పటికీ చేరవు. చివరివాడికి పెడితే కాలువ పొడుగునా నేల తడుస్తుంది, దారిలో వాళ్ళకు ఎట్లాగూ అందుతాయి. బయ్యమ్మ అదే పలక మీద నేర్పింది. నీళ్ళు తక్కువని తోస్తే ముందు చివర ఒక రాయి పడెయ్యి, పైనుంచి వచ్చేవి దాన్ని వెతుక్కుంటూ వస్తాయి అనేది.

ఆ మూల రాయి ఎందుకు పెట్టాడో ఈ గదిలో అక్కకు తెలుసు. దాని పక్కన నల్లరాయి పెట్టి మూసెయ్యమని ప్రతి వంతుకూ చెబుతోంది. తమ్ముడని చూడటం లేదు. చిన్నప్పుడూ ఒక్క ఆట ఊరికే ఇచ్చింది కాదు. ఆమె చెప్పింది నిజం. కాకపోతే ఆమె గింజ ఒక్కటి. తక్కినవి తొమ్మిది వందల తొంభైఎనిమిది.

ఆ తక్కినవాళ్ళంతా రాజాస్థానాల్లో ఆట నేర్చినవాళ్ళు. అంచు వెంట గడిగడికీ దేకటం కూలివాడి ఆట అని అక్కడ చిన్నప్పుడే చేతి మీద కొట్టి మాన్పిస్తారు. కళ్ళు మూసుకుని తెల్లరాళ్ళు ఆడేటప్పుడు వాళ్ళు తమ లాంటివాణ్ణే ఎదుట కూర్చోబెట్టుకుంటున్నారు. వాళ్ళ పలకల మీద తెల్లవాడు ఎప్పుడూ దేకడు. దేకనివాడికి మూల రాయితో పని లేదు.

చెన్నడు ఆడాడు. నడుమ దారి మూసుకుపోతే పడమటికి జరిగాడు. అక్కడా కట్ట అడ్డం వచ్చింది. వంగి, సందు చూసుకుని, ఒక్కొక్క వరస దిగాడు. మిట్టమధ్యాహ్నానికి నీళ్ళు దక్షిణపు అంచు దగ్గరికి వచ్చాయి. బొమ్మ వంతు వచ్చింది, గింజలు దొర్లాయి.

అప్పుడు గ్రంథిలుడు లేచి బొమ్మ వెనక్కి పోయాడు. ఆగ్నేయపు గొట్టంలోంచి ఆ ఒక్క గింజనూ వేళ్ళతో తీసి ఎండలో పెట్టి చూశాడు. చెన్నడి నోట్లో వక్క ఆగిపోయింది. బొమ్మను దిద్దే అధికారం మాంత్రికుడికి ఉంది. ఆ గింజ చెప్పిన చోట ఒక్క నల్లరాయి పెట్టిస్తే, ఆట అయిపోయినట్టే. అక్క పక్క గూట్లో తాను కూర్చోవలసిందే.

"వెయ్యిమందిలో ఒకడు ఇట్లా ఉంటాడు," అన్నాడు గ్రంథిలుడు ఎవరితోనూ కాకుండా. "ఒకే మాట పట్టుకుంటాడు."

గింజను కింద పడేసి వచ్చి కూర్చున్నాడు. బొమ్మ నల్లరాయి పెట్టింది, పడమటి మూల నుంచి నీళ్ళ కిందిదాకా కట్ట అతుక్కుంది.

చెన్నడు కుడిపక్క గడిలో తెల్లరాయి పెట్టాడు. దాని కింద మూయకపోతే నీళ్ళు పారిపోతాయి, బొమ్మ మూసింది. ఇంకొక గడి తూర్పుకు జరిగి పెట్టాడు. బొమ్మ మూసింది. అట్లా దేకటం మొదలుపెట్టాడు. గ్రంథిలుడు నవ్వి, నువ్వే నా కట్ట పోస్తున్నావు అన్నాడు. చూపుకు అది నిజమే. చెన్నడు ఒక గడి జరిగినప్పుడల్లా కింద నల్లవరస తూర్పుకు ఒక గడి పెరుగుతోంది. ఇంకో ఆరేడు రాళ్ళు పడితే తూర్పు అంచు తాకుతుంది.

నాలుగు రాళ్ళు జరిగాక గూళ్ళలో చప్పుడు మారింది. వాన ఒకచోట తగ్గి ఒకచోట హోరెత్తింది. గింజలు ఒక్కసారిగా ఆగ్నేయపు గొట్టంలోకి రాలటం రాజకుమారుడు చూశాడు. అందరికీ ఇప్పుడు కనపడింది. కాని ఆ మూలకు పోయి మూసి వద్దామంటే, ఇక్కడ కాళ్ళ కింద గండి తెరిచి ఉంది. ఇది మూస్తే అది లేదు. బొమ్మ చెయ్యి రెండు గళ్ళ నడుమ కొట్టుకుంది. కీలు కిర్రుమంది. ఆముదం పనిచెయ్యలేదు.

అయిదు. ఆరు. ఏడో రాయి పోయి, పొద్దున పెట్టిన రాయిని తాకింది. ఆ రాయి కింద రెండు గళ్ళు ఖాళీ. బొమ్మ ఒకటి మూసింది. చెన్నడు రెండోదాంట్లో పెట్టాడు. నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి పారాయి.

బొమ్మ చెయ్యి గాలిలోనే నిలిచింది. గ్రంథిలుడు పలకను ఉత్తరం నుంచి దక్షిణం దాకా వేలితో రెండుసార్లు అనుసరించి చూశాడు. తరవాత నేల మీద, తాను పడేసిన గింజ కోసం వెతికాడు. అది దొరికింది. కాసేపు చేతిలో పట్టుకున్నాడు.

"పేరు చెప్పు."

"బయ్యమ్మ. తూమువాడ నీరుగంటి."

మూడో వరసలో ఒక జత కళ్ళు తెరుచుకున్నాయి. బయ్యమ్మ గూటి అంచు పట్టుకుని, చెట్టు దిగినట్టు దిగి వచ్చింది. ఏడాది కదలని కాళ్ళు తూలాయి. తమ్ముడు పట్టుకోబోతే వద్దని, పలక పట్టుకుని నిలబడి, మనిషిని చూడకముందే ఆట చూసింది. అయిదో వంతులోనే పడమటికి తిరగవలసింది, నాలుగు రాళ్ళు దండగ చేశావు అంది. ఆ తరవాత అతడి ముఖం చూసి, జరీ అంగీ చూసి, ఇదేం వేషం రా చెన్నా అంది. చెన్నడు నవ్వబోయాడు. నవ్వు సరిగా రాలేదు. తలపాగా తీసి దాంతో కళ్ళు తుడుచుకున్నాడు.

రాజకుమారుడు తలుపు వైపు నడిచాడు. తలుపు రాయి అయిపోయి ఉంది.

లేపుతానని మాట ఇచ్చాను, లేపాను, తలుపు సంగతి ఎవరూ అడగలేదు అన్నాడు గ్రంథిలుడు. గొంతులో వెటకారం లేదు, అలిసి ఉన్నాడు. అదే సమయంలో గూళ్ళలో చప్పుడు మొదలైంది. ఎవరి వంతూ కాదు. అయినా తొమ్మిది వందల తొంభైఎనిమిదిమంది తమంతట తాము ఆడుకుంటున్నారు. చెన్నడు దగ్గరి గూట్లోకి తొంగి చూశాడు. ఏ దేశపు రాజో, గడ్డం పొట్టదాకా ఉన్నాయన, కళ్ళు మూసుకుని మొదటి తెల్లరాయి తీసుకుపోయి మూల పెట్టాడు. అంచు వెంట దేకాడు. మళ్ళీ చెరిపి మళ్ళీ దేకాడు. పక్కాయనా అంతే. వాళ్ళు నేర్చేసుకున్నారు.

ఇక ఈ మార్గాన బొమ్మ మీద ఇంకెవరూ గెలవరని, రెండు గూళ్ళు ఖాళీగానే ఉన్నాయని, తలుపు కావాలంటే ఇంకో ఆట ఆడాలని గ్రంథిలుడు చెప్పాడు. రాజకుమారుణ్ణి చూసి, కావాలంటే సేవకుడూ ఆడవచ్చన్నాడు. తనకు తాంబూలం చుట్టటమే సరిగా రాదని రాజకుమారుడు మర్యాదగా చెప్పాడు.

బయ్యమ్మ ఈ మాటలేవీ వింటున్నట్టు లేదు. తల ఎత్తి గూళ్ళను ఒక్కొక్క వరసా చూస్తోంది, తెల్లారి మళ్ళ మీద తిరిగేటప్పుడు ఎక్కడ గట్టు చెమ్మగిల్లిందో చూసినట్టు.

"ఏడాది వీళ్ళ పక్కన కూర్చున్నాను," అంది. "ఆ పై వరస పెద్దాయన ఎదుటివాడు దగ్గరికి వస్తే చాలు, భయపడి రెండుసార్లు మూస్తాడు. ఆ కింది సేనాని మొదట పెట్టిన చోటు వదలలేడు. ఆ ఎర్ర శాలువాయన ఎప్పుడూ పక్కవాడి చప్పుడు విని ఆడతాడు. నువ్వు బొమ్మతో ఆడావు చెన్నా. నాకు వీళ్ళంతా తెలుసు. జరుగు."

చెన్నడు జరిగాడు. ఆమె మెల్లగా కూర్చుంది. పందెం తలుపు ఒక్కటే అయితే ఆడనంది. గెలిస్తే తలుపు తెరవాలి, గూళ్ళన్నీ ఖాళీ కావాలి. ఓడితే ముగ్గురూ ఎక్కి ఆ రెండు గూళ్ళలోనే సర్దుకుని కూర్చుంటారు. ముగ్గురూ అన్నప్పుడు రాజకుమారుడు చెన్నడి వైపు చూశాడు. చెన్నడు ఆమె చేతులనే చూస్తున్నాడు.

గ్రంథిలుడు అలవాటుగా బొమ్మ వైపు తిరిగాడు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది. ఆడాలో వద్దో దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కంచు కళ్ళు అతడిని కాక, అతడి భుజం మీదుగా గోడను చూస్తున్నాయి. వయసు మళ్ళిన ఆ మనిషి గది నడుమ, ఎండలో, ఎవరి సలహా లేకుండా చాలాసేపు నిలబడ్డాడు.

చివరికి కోడి ఈక గిన్నెలో పడేసి, బొమ్మ పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు.

"పెట్టు," అన్నాడు.

బయ్యమ్మ తెల్లరాళ్ళ గిన్నెను అతడి వైపు తోసి, నల్లరాళ్ళ గిన్నె తన ముందుకు లాక్కుంది. ఈసారి కట్ట తనది అంది, నీళ్ళు పారించుకోమంది. బొమ్మ ఇంతవరకు తెల్లరాయి పట్టి ఎరగదు. గూళ్ళలో తొమ్మిది వందల తొంభైఎనిమిది జతల చేతులు, పెట్టబోయిన రాళ్ళతో అట్లాగే ఆగిపోయాయి.